ఆఖరి బిగింపు

వెంకట్రాం మోటారును వెంకట్రాం కంటే ఎక్కువగా ప్రేమించిన మనిషి జనగామ మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. అతను మెకానిక్ ఖాసీం. ఆ సంగతి వెంకట్రాంకు తెలుసు, తెలిసి కాస్త కుళ్లుకునేవాడు కూడా. పొద్దస్తమానం తోలేది తను, తుడిచేది తను, దిష్టి తీసేది తను. ఆ మోటారేమో ఎన్ని తిప్పలు పెట్టినా ఖాసీం చెయ్యి పడగానే బుద్ధిమంతురాలైపోయేది.

నిజానికి ఆ బండి లింగాల ఘనపూర్ పక్క ఊరి దొరది. వెంకట్రాం ఆయన దగ్గర పదమూడేళ్లు డ్రైవరుగా ఉన్నాడు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు తన గడీ వైపు చూస్తున్నారని వాసన తగలగానే దొర రైలెక్కి హైదరాబాదు పోయాడు. పోతూ పోతూ మోటారు తాళం వెంకట్రాం చేతిలో పెట్టి, తిరిగొచ్చే దాకా చూసుకొమ్మన్నాడు. తిరిగి రాలేదు. ఇక రాడని మోటారుకు కూడా తెలిసిపోయాక, వెంకట్రాం దాన్ని జనగామ స్టేషన్ ముందు నిలబెట్టి, రైలు దిగిన వాళ్లను దేవరుప్పుల దాకా చేరవేస్తూ బతకసాగాడు. ఆ తొవ్వలో తనంత పదిలంగా బండి తోలేవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజుకు నలుగురికైనా వినిపించేవాడు.

అమాస నాడు ఆ చుట్టుపక్కల అరక కట్టరు, ఎడ్లబండి కట్టరు. వెంకట్రాం మోటారు కూడా కట్టడు. ఆ రోజు పొద్దున్నే స్టేషన్ వెనక ఖాసీం రేకుల షెడ్డుకు తీసుకుపోతాడు. ఖాసీం పాత ఆయిలు దించి కొత్తది పోస్తాడు, నాలుగు చక్రాలూ విప్పి లోపల గ్రీజు పెడతాడు, బ్రేకులు చూస్తాడు, మళ్లీ చక్రాలెక్కిస్తాడు. ఇంతవరకూ అన్ని షెడ్లలో జరిగేదే. ఖాసీం దగ్గర ఒక్క పద్ధతి మాత్రం వేరు. చక్రం ఎక్కించి నట్లు వేళ్లతో తిప్పి వదిలేస్తాడు తప్ప చివరిదాకా బిగించడు. పానా తీసి బండి వాళ్ల చేతికిస్తాడు.

"ఆఖరి బిగింపు నీదే అన్నా" అంటాడు. "రేపు తొవ్వల నీ పానం దీని మీద ఉంటది. నీ కాలితోని నువ్వే తొక్కి చూస్కో. నన్ను నమ్మకు, నీ కాలును నమ్ము."

హైదరాబాదులో అతని ఉస్తాదు నేర్పిన పద్ధతట అది. అప్పుడు వెంకట్రాం పంచె ఎగ్గట్టి, నట్టుకు పానా తగిలించి, దాని మీద కాలు పెట్టి ఒక్క తొక్కు తొక్కేవాడు. చక్రానికి ఐదు నట్లు, నాలుగు చక్రాలు. ఇరవై తొక్కులయ్యాక ఖాసీం చక్రాల మీద ఇత్తడి టోపీలు బిగించి, బండి నుదుటి మీద అరచేత్తో చిన్నగా తట్టేవాడు. పన్నెండేళ్లుగా ఇదే తంతు. ఒక్క నట్టు కూడా వదులు కాలేదు.

పోలీసు యాక్షన్ వచ్చి మూడు నెలలైంది. నైజాము పోయింది, రజాకార్లు పోయారు. వాళ్లు చేసిన పాపాలు మాత్రం వాళ్లతో పాటు పోలేదు, ఊళ్లో మిగిలిపోయిన సాయిబుల నెత్తిన కూర్చున్నాయి. ఖాసీం ఎన్నడూ కత్తి పట్టలేదు. పానా తప్ప మరొకటి పట్టడం అతనికి చేతకాదు కూడా. అయినా షెడ్డుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. బజారులో అతని తమ్ముడి దుకాణం లూటీ అయింది. స్టేషన్ పక్క గోదాములో పోలీసు క్యాంపు పెట్టారు. అక్కడికి పిలిపించుకున్న వాళ్లలో కొందరు తిరిగొచ్చారు, కొందరు ఇంకా రాలేదు. మానుకోటలో ఉన్న బావమరిది వచ్చెయ్యమని కబురు మీద కబురు పెడుతున్నా ఖాసీం కదల్లేదు.

"నేను పోతే నీ బండి ఎవరు జూస్తరు?" అని వెంకట్రాంతో నవ్వుతూ అన్నాడు. కానీ క్యాంపు లారీ చప్పుడు వినపడితే చాలు, చేతిలో ఏముంటే అది పట్టుకుని షెడ్డు లోపలి అర్రలోకి వెళ్లిపోయేవాడు. అలా వెళ్తున్నానని అతనికే తెలిసేది కాదేమో.

ఆ అమాస నాడు మూడు చక్రాలు అయిపోయాయి. నాలుగోది, వెనక ఎడమ చక్రం, ఖాసీం ఎక్కించి నట్లు వేళ్లతో తిప్పాడు. పానా అందించబోతుండగా లారీ మూలుగుతూ మలుపు తిరిగింది. ఖాసీం పానాతో సహా లోపలికి మాయమయ్యాడు. లారీ పోయింది. ఖాసీం రాలేదు. వెంకట్రాం ఒక్క నిమిషం అటూ ఇటూ చూసి తనూ లోపలికి పోయాడు. ఖాసీం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పానా ఒళ్లో పెట్టుకుని. ఆ ముఖం చూసి ఏం చెయ్యాలో తోచక, వెంకట్రాం దొర రైలెక్కిన నాటి వైభోగం ఆడి చూపించడం మొదలుపెట్టాడు. దొర తల రుమాలు ఊడి పట్టాల మీద పడటం, దొరసాని రైలు డబ్బా కిటికీలో ఇరుక్కోవడం, గార్డుకు దొరే దండం పెట్టడం. ఖాసీం మొదట పెదవి బిగబట్టాడు, తర్వాత నవ్వాడు, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. మూడు నెలల్లో అతను అంతలా నవ్వడం అదే మొదటిసారి.

బయటికొచ్చేసరికి ఇద్దరి మనసులూ తేలిగ్గా ఉన్నాయి. నేను లోపలున్నప్పుడు వెంకట్రామన్న బిగించే వచ్చాడులే అనుకున్నాడు ఖాసీం. పానా తన ఒళ్లోనే ఉందన్న ముక్క ఆ నవ్వులో కొట్టుకుపోయింది. పానా పెట్టెలో పడటం, చక్రానికి టోపీ ఎక్కడం చూసి పని అయిపోయిందనుకున్నాడు వెంకట్రాం. ఖాసీం బండి నుదుటి మీద తట్టాడు.

మర్నాడు పొద్దున మానుకోట వైపు నుంచి వచ్చిన రైలు దిగి మణెమ్మ మోటారెక్కింది. దేవరుప్పుల ముసలమ్మ. మానుకోటలో ఇచ్చిన కూతురి ఇంటికి పోయి, గంపలో రెండు కోళ్లతో తిరిగొస్తోంది. ముందు సీట్లో పెంటయ్య కూర్చున్నాడు. అతనికి దేవరుప్పులలో కిరాణా కొట్టుంది, కొట్టు కన్నా పెద్ద నోరుంది.

"ఇంకా ఆ సాయిబు దగ్గర్నే చూపిస్తున్నవా బండి?" అన్నాడు పెంటయ్య, బండి ఊరు దాటగానే.

"ఆయన దగ్గర గాకపోతే ఎవల దగ్గర చూపియ్యాలె?"

"ఏమో. రోజులు బాగలేవు. జర ఆలోచన చేస్కో."

ఆ తొవ్వ అసలే అధ్వాన్నం. నైజాం పోలీసులు ఊళ్లలోకి రాకుండా సంఘం వాళ్లు తవ్విన కందకాలను మట్టి పోసి పూడ్చారు గానీ, బండి ప్రతి కందకం మీదా ఎగిరి పడుతోంది. కొంత దూరం పోయాక వెనక నుంచి టకటకమని చప్పుడు మొదలైంది.

"బిడ్డా, ఏందో కొట్టుకుంటున్నది" అంది మణెమ్మ.

"తొవ్వ అవ్వా, తొవ్వ. గుంతలు గాదా."

"తొవ్వ కింద ఉంటది గద. గిది నా పక్క పొంటి కొట్టుకుంటున్నది."

"అవ్వా, పదిహేనేండ్ల సంది తోలుతున్న. మోటారు సంగతి నాకు నువ్వు చెప్తవా?"

ముసలమ్మ గంపను దగ్గరికి లాక్కుంది. నాలుగు బారలు పోయాక, బండి ఎడమ పక్కనుంచి ఒక చక్రం, ఎవరి కోసమూ ఆగకుండా, తన దారిన తను ముందుకు దొర్లుకుంటూ పోయింది. ఎవరి చక్రమా అని వెంకట్రాం ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు. మరుక్షణం బండి ఎడమకు ఒరిగి, తొవ్వ దిగి, జొన్న చేన్లో పడి ఆగింది.

కోళ్లు రెండూ చేనుకు అడ్డం పడి పారిపోయాయి. పెంటయ్యకు నుదురు బొప్పి కట్టింది. మణెమ్మ ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగి వేలాడుతోంది. పళ్లు బిగబట్టి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని గట్టు మీద కూర్చుంది. పదిహేనేళ్లలో వెంకట్రాం బండిలో ఒక్కరికి గీత పడలేదు.

చక్రం ఊడిన చోటికి వెళ్లి చూశాడు. బోల్టులు ఐదూ చెక్కు చెదరకుండా ఉన్నాయి. విరిగింది ఏమీ లేదు. నట్లే లేవు.

"విప్పిండు" అన్నాడు పెంటయ్య వెనక నుంచి. "తమ్ముని దుకాణం లూటీ అయిన కసి. నిన్ను సంపుదామనే విప్పిండు సాయిబు. నేను పొద్దుగాల చెప్పలేదా?"

జనగామ వైపు పోతున్న ఎడ్లబండి ఒకటి ఆగింది. మణెమ్మను, పెంటయ్యను అందులో ఎక్కించాడు వెంకట్రాం. తను ఎక్కలేదు. వెనకాలే నడిచాడు. రెండు కోసుల దూరం, అంటే నాలుగు మైళ్లు.

ఆ నడకలో, మొదటి కోసులో, అతని బుర్రలోకి రాకూడనివన్నీ వచ్చాయి. ఖాసీం తమ్ముడి దుకాణం తలుపులు పగలగొట్టిన వాళ్లలో తన మేనల్లుడు కూడా ఉన్నాడు. ఆ సంగతి ఖాసీంకు తెలుసా? తెలిసీ ఏమీ అనలేదా? నిన్న అంతలా నవ్వింది ఎందుకు? ఏడుపొచ్చిందా, నవ్వొచ్చిందా? పన్నెండేళ్లుగా తెలిసిన ఖాసీం ఒక్కో అడుగుకూ కాస్త కాస్తగా అరిగిపోయి, ఆ స్థానంలో పెంటయ్య చెప్పిన సాయిబు కూర్చున్నాడు. సిగ్గు పడాల్సిన విషయమే. అప్పుడు మాత్రం వెంకట్రాంకు సిగ్గు రాలేదు, కోపం వచ్చింది.

కోసు దాటాక వాగు ఒడ్డున బండి ఆగింది. బండివాడు దిగి, వాగులోకి దిగేముందు ఎప్పుడూ చేసే పనే అన్నట్టు, ఒక రాయి తీసుకుని ఇరుసు చీలలను రెండు వైపులా నాలుగు దెబ్బలు కొట్టాడు. ఏమీ ఆలోచించకుండా కొట్టి, రాయి పారేసి మళ్లీ ఎక్కాడు. వెంకట్రాం ఆ రాయి వైపు, తర్వాత తన కుడికాలి వైపు చూశాడు. నిన్న ముందు చక్రాలు రెండూ తొక్కాడు. వెనక కుడిది తొక్కాడు. పదిహేను తొక్కులు. తర్వాత లారీ వచ్చింది. తర్వాత దొర రుమాలు. తర్వాత ఇత్తడి టోపీ.

"నేను తొక్కలే" అన్నాడు పైకే.

ఎవరూ వినలేదు. పెంటయ్య అప్పటికే వెనక నుంచి వచ్చిన సైకిలు మనిషికి కథంతా చెప్పి పంపించాడు. సైకిలు ఎడ్లబండి కంటే ముందే జనగామ చేరుతుందన్న సంగతి వెంకట్రాంకు అప్పుడు తట్టింది. పంచె ఎగ్గట్టి పరుగు పెట్టాడు.

అతను చేరేసరికి షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. ఖాసీం లేడు. క్యాంపు గోదాము ముందు జనం గుమిగూడారు. వాళ్లను తోసుకుని వెంకట్రాం లోపలికి పడ్డాడు. ఖాసీం చేతులు కట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాడు. గ్రీజు చేతులు కడుక్కునే తీరిక కూడా ఇవ్వలేదు. బల్ల వెనక సబిన్‌స్పెక్టరు కూర్చున్నాడు. సర్కారు జిల్లాల నుంచి వచ్చినవాడు. ఈ దుమ్మూ, ఈ భాషా, ఈ మనుషులూ ఏవీ అతనికి పడలేదని ముఖం మీదే రాసి ఉంది.

"ఆ మోటారు నీదేనటయ్యా? ఇతను కావాలనే చక్రం విప్పాడంటున్నారు. నిజమేనా?"

"గాదు సారు. ఆఖరి బిగింపు నాది. నేను మరిచిపోయిన."

"గాదు హుజూర్" అన్నాడు ఖాసీం మూల నుంచి. "పానా నేనే లోపటికి పట్కపోయిన. పానా లేకుంట ఆయన ఎట్ల బిగిస్తడు? టోపీ పెట్టింది గూడ నేనే. పెట్టేటప్పుడు చూస్కోలే."

"నువ్వు ఊకో భాయ్! నట్టు మీద కాలు పెట్టేది నేను. పన్నెండేండ్ల సంది నేనే."

"కాలు పెట్టిండో లేదో చూసేది నేను గాదా? షెడ్డు నాది."

"అవ్వ చెప్పింది సారు, చప్పుడైతున్నదని. నేను ఇనలే. తప్పు నాదే."

"ఏమిటయ్యా ఇది!" సబిన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు. "నేను కాదంటే నేను కాదనేవాళ్లను రోజూ చూస్తున్నాను. నేనంటే నేనని తగువాడుకునేవాళ్లను ఇక్కడే చూడటం."

"దోస్తులు సారు" అన్నాడు అప్పుడే బండి దిగొచ్చిన పెంటయ్య. "ఒగణ్ణొగడు కాపాడుకుంటున్నరు. వీళ్ల మాట ఇనకుండ్రి. ఆ ముసలవ్వనడుగుండ్రి, చెయ్యి ఇరిగింది ఆమెది."

అది సబబుగానే తోచింది సబిన్‌స్పెక్టరుకు. మణెమ్మను తీసుకొచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎవరో కట్లు కట్టేవాడు వెదురు దబ్బలు పెట్టి ఆమె చేతికి బయటే కట్టు కట్టి పంపాడు. ముఖం పాలిపోయింది. వెంకట్రాం ఆమె వైపు చూడలేకపోయాడు. రజాకార్లు ఏడాది కింద ఆమె ఒక్కగానొక్క కొడుకును ఊరి చివర నిలబెట్టి కాల్చేశారని దేవరుప్పుల తొవ్వలో తెలియనివాళ్లు లేరు. ఆమె ఒక్క మాటంటే చాలు, ఖాసీం ఈ గోదాములోంచి ఎప్పుడు బయటపడతాడో, అసలు పడతాడో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాట అనడానికి ఆమెకున్నన్ని కారణాలు ఇంకెవరికీ లేవు.

"చూడమ్మా" అన్నాడు సబిన్‌స్పెక్టరు. "దెబ్బ తగిలింది నీకు. ఇతను మీ ప్రాణాలు తియ్యాలని చేశాడని నువ్వు చెబితే రాసుకుంటాను. భయపడకుండా చెప్పు."

మణెమ్మ ఖాసీంను చాలాసేపు చూసింది. అతని గ్రీజు చేతులను చూసింది.

"నా కొడుకును సంపిండ్రు సారు. సంఘంల ఉన్నడని సంపిండ్రు" అంది.

జనం గతుక్కుమన్నారు. సంఘం వాళ్ల కోసం గుట్టలన్నీ గాలిస్తున్న క్యాంపు అది. అక్కడ నిలబడి కన్నతల్లయినా ఆ మాట అనదు.

"ఇంటికచ్చి, పేరు పెట్టి పిల్చి, తోల్కపోయి సంపిండ్రు. మరిచిపోయి సంపలే. యాది పెట్టుకోని అచ్చి సంపిండ్రు. గీయన మరిచిపోయిండు. మరిచిపోవుడేందో, సంపుడేందో నాకెర్కలేదా సారు? నాకు గాకపోతే ఇంకెవలకెర్క?"

సబిన్‌స్పెక్టరుకు ఆ యాస ఎంత అర్థమైందో గానీ, ఎదుట ఉన్న కాగితం మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. కొడుకు సంగతి విననట్టే కిటికీ వైపు చూశాడు.

మణెమ్మకు మాత్రం ఇంకా అయిపోలేదు. ఇద్దరి వైపూ తిరిగి మంచి చెయ్యి ఎత్తింది.

"ఇద్దరు మొగోళ్లు గూడి ఒక్క చక్రం బిగియ్యలేకపోయిండ్రు. ముసల్ది చెప్తే ఇనకపోయిండ్రు. నా కోళ్లు పాయె, చెయ్యి పాయె. సిగ్గు లేదార మీకు?"

"ఉన్నదవ్వా" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

బయట ఎవరో ఫక్కున నవ్వారు. పెంటయ్య బొప్పి తడుముకుంటూ జనంలోకి జారుకున్నాడు. సబిన్‌స్పెక్టరు పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ముసలమ్మను తన ఇంట్లో దింపి, ఆమె చెయ్యి కూడేదాకా కదలనివ్వొద్దని భార్యకు చెప్పి, వెంకట్రాం ఖాసీంతో షెడ్డుకు వచ్చాడు. ఖాసీం జాకీ, పానా, ఐదు కొత్త నట్లు సంచిలో వేసుకున్నాడు. ఇద్దరూ దేవరుప్పుల తొవ్వ పట్టారు. ఊరు దాటాక ఖాసీం ముందుకు చూస్తూనే అడిగాడు.

"నువ్వు గూడ అనుకున్నవా అన్నా? నేను విప్పిన్నని?"

అబద్ధం చెప్పడం ఎంతసేపు? నాలుక చివర దాకా వచ్చింది కూడా. పన్నెండేళ్ల స్నేహితుడి ముందు వెంకట్రాం దాన్ని మింగేశాడు.

"అనుకున్న భాయ్. నడ్సుకుంట ఒస్తుంటే, ఒక్క కోసు దూరం అనుకున్న."

ఖాసీం ఆగిపోయాడు. సంచి కింద పెట్టాడు. తిడతాడనుకున్నాడు వెంకట్రాం, తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఒక్క కోసేనా?" అన్నాడు ఖాసీం. "నా పక్కింటోళ్లు మూడు నెలల సంది అనుకుంటనే ఉన్నరన్నా. ఆ అనుమానంలకెల్లి ఇంకా తిరిగి రాలే. నువ్వు ఒక్క కోసులనే తిరిగొచ్చినవా?"

వెంకట్రాం తొవ్వ పక్కన కూలబడి, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఖాసీం అతని పక్కనే కూర్చున్నాడు. ఎండ తగ్గి, జొన్న చేల మీదుగా గాలి చల్లగా వస్తోంది. కొంతసేపటికి ఖాసీం లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

"లే అన్నా. బండి ఒక్కతే చేన్ల పడి ఉన్నది. పొద్దుగూకక ముందే పోవాలె."